పాత ఊళ్లో పునాది తీస్తుంటే: గోదావరి డెల్టా గ్రామాల్లో పురావస్తు పర్యవేక్షణ చేసే పద్ధతి

ద్రాక్షారామం, బిక్కవోలు, సామర్లకోట, పాలకొల్లు, ఆదుర్రు వంటి ఊళ్లలో పాత పెంకుటిల్లు తీసి డాబా వేయడానికో, సెప్టిక్ ట్యాంకు కట్టడానికో, పంచాయతీ వారు మురుగు కాలువ తవ్వడానికో పలుగు దించినప్పుడు, ఆ గోతిలో కనబడే మట్టిని ఊరి చరిత్రగా చూసేవారు ఒక్కరైనా దగ్గర ఉండాలి. ఎందుకంటే ఆ మట్టిని మళ్లీ చూసే అవకాశం ఎవరికీ రాదు. కాంక్రీటు పడిన తరువాత పురావస్తు శాఖలు వచ్చినా, నిపుణులు వచ్చినా చేయగలిగింది చాలా తక్కువ. అలా దగ్గరుండి చూసే పనిని స్థానిక ఉపాధ్యాయులు, చరిత్ర విద్యార్థులు, ఊరి మీద మక్కువ ఉన్నవారు క్రమపద్ధతిలో ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

పర్యవేక్షణ అంటే, నిర్మాణం కోసం ఎలాగూ తీయబోయే గోతిని తీస్తున్నంతసేపూ గమనించి, మట్టిపొరల్లో కనబడినదాన్ని అది చెదిరిపోకముందే కొలిచి, రాసి, ఫొటో తీసి భద్రపరచడం. ఇది పురావస్తు తవ్వకం కాదు; తవ్వకానికి ప్రభుత్వ అనుమతి, అర్హత ఉన్నవారి ఆధ్వర్యం కావాలి. కనుక గోతి గోడలో ఎంత ఆసక్తికరమైన వస్తువు సగం బయటికి కనబడుతున్నా, దాని కోసం గోతిని జానెడు కూడా వెడల్పు చేయకూడదు. ఈ నియమాన్ని పాటించలేననుకునేవారు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

ముందుగా హద్దులు తెలుసుకోవడం

మొదట ఆ స్థలం ఏ చట్టపు పరిధిలో ఉందో చూడాలి. 1958 నాటి పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడపు హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దానికి అవతల మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలు లేదు. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. నియంత్రిత ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టుకోవచ్చుగాని ముందస్తు అనుమతి తప్పనిసరి. ఈ అనుమతుల వ్యవహారాన్ని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ చూస్తుంది. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పంచాయతీ ప్లాను మంజూరు చేసినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయం, సామర్లకోట భీమేశ్వరాలయం, బిక్కవోలులోని తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు కేంద్ర రక్షణలో ఉన్నవి కనుక, ఆ చుట్టుపక్కల స్థలం ఉన్నవారు టేపు పట్టుకుని కొలుచుకోకుండా, భారత పురావస్తు సర్వేక్షణ కార్యాలయం ద్వారా దూరాన్ని నిర్ధారించుకోవడం మంచిది. రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది.

ఇక్కడ చాలామంది దృష్టి పడని విషయం ఒకటి ఉంది. మురుగు కాలువలు, ప్రజలకు తాగునీటి సరఫరా, విద్యుత్ సరఫరా వంటి పనులను ఆ చట్టంలోని ‘నిర్మాణం’ అనే నిర్వచనం నుంచి మినహాయించారు. పాత ఊరి నడిబొడ్డున, గుడి వీధుల వెంట పొడవునా తవ్వేది సరిగ్గా ఆ కాలువలనూ ఆ పైపు లైన్లనూ. ఇంటి పునాది ఒకచోట మట్టిని చూపిస్తే, పైపు లైను గాడి ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా కోసి చూపిస్తుంది. వీలున్నది ఒక్క పనికే అయితే ఇంటి గోతిని వదిలి ఆ గాడి వెంట నడవమనే నేను చెబుతాను.

రక్షిత హద్దులకు బయట సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారు పర్యవేక్షకుణ్ణి పెట్టుకోవాలనే నిబంధన సాధారణంగా ఉండదు. అక్కడ మనం యజమాని అనుమతితో, ఆయన మర్యాద మీద నిలబడతాం. ఆ సంగతి పని జరిగినన్నాళ్లూ గుర్తుండాలి.

పలుగు దిగకముందు

రెవెన్యూ వారి దగ్గర గ్రామ పటం, ఆ సర్వే నంబరు తాలూకు ఎఫ్.ఎం.బి. (భూమి కొలతల పుస్తకం) చూసి, పాత చెరువులు, పూడిపోయిన కోడులు (చిన్న వాగులు), దిబ్బలు ఎక్కడుండేవో గుర్తించాలి. పేరులో దిబ్బ, కోట, పాడు, పాటి అన్న మాటలున్న మడిచెక్కలను ప్రత్యేకంగా రాసుకోవాలి. ఊళ్లోని పెద్దవారిని అడిగితే పటంలో లేని సంగతులు తెలుస్తాయి: ఏ పెరట్లో నుయ్యి తీస్తే పెద్ద ఇటుకలు తగిలాయి, ఏ రావిచెట్టు కింది నాగశిల మొదట ఏ చేలో దొరికింది, ఎవరి అరుగుకు మెట్టుగా వేసిన రాతి మీద అక్షరాలున్నాయి. ద్రాక్షారామం గుడిలో వందల సంఖ్యలో శాసనాలుండగా, అలాంటి ఊరి చుట్టుపక్కల విడిరాళ్ల మీద అక్షరాలు కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

తరువాత యజమానితో, తాపీమేస్త్రితో, యంత్రం నడిపే అబ్బాయితో ముందే కూర్చుని మాట్లాడాలి. పని ఆపమని ఎవరు చెప్పవచ్చు, ఆపితే ఎంతసేపు, ఆ గంటకు యంత్రం బాడుగ ఎవరు భరిస్తారు అన్న మూడు ప్రశ్నలకు శంకుస్థాపనకు ముందే జవాబు ఉండాలి. చాలా చోట్ల పది నిమిషాల విరామం సరిపోతుంది. ఆ సంగతి వారికి ముందే తెలిస్తే ఎవరూ కంగారు పడరు. గొడవలు ఎక్కువగా అనుమానం వల్ల వస్తాయి, మట్టిలో దొరికినదాని వల్ల కాదు. ‘ఏదైనా దొరికితే ప్రభుత్వం స్థలం లాక్కుంటుందట’ అన్న భయం యజమానులలో బలంగా ఉంటుంది. నాలుగు చిల్లపెంకులు, ఒక ఇటుక వరుస కనబడినంత మాత్రాన స్థలం పోదని, వివరాలు రాసుకున్నాక పని సాగుతుందని ఓపికగా చెప్పాలి. అయితే పెద్ద కట్టడమే బయటపడితే ఏం జరుగుతుందో మన నోటితో హామీ ఇవ్వకూడదు. అది పురావస్తు శాఖ నిర్ణయించవలసిన విషయం.

కాలం కూడా ముఖ్యం. డెల్టాలో ఊట నీరు పైపైనే ఉంటుంది. వేసవిలో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజుల్లో ఊట కొంత దిగుతుంది కనుక గోతి గోడలు శుభ్రంగా కనబడతాయి. కాలువలు వదిలాక తీసిన గోతిలో మూడు నాలుగు అడుగులకే నీరు చేరి, మోటారు పెట్టి తోడుతుంటే గోడలు జారిపోతూ పొరలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. యజమానికి ముహూర్తం విషయంలో వెసులుబాటు ఉంటే ఈ సంగతి చెప్పి చూడాలి.

చేతిలో ఉండవలసినవి కొద్దే: టేపు, అడుగు అడుగుకూ తెలుపు ఎరుపు రంగులు వేసిన కర్ర, కెమెరా బాగున్న ఫోను, గట్టి అట్ట నోటు పుస్తకం, పెన్సిలు, పాత తాపీ, మెత్తని కుంచె, నీళ్లు చిమ్మే సీసా, జిప్ కవర్లు, చెరగని ఇంకు పెన్ను. నెత్తిన హెల్మెట్, కాళ్లకు బూట్లు లేకుండా గోతి దగ్గరికి వెళ్లకూడదు. నడుము లోతు దాటిన గోతిలోకి, గోడలకు ఊతం లేకుండా దిగనే కూడదు. ఒండ్రు మట్టి, ఇసుక పొర కలిసిన గోడ చెప్పాపెట్టకుండా కూలుతుంది.

గోతి దగ్గర నిలబడి

గోతులకు మనం కొత్త పేర్లు పెట్టవలసిన పని లేదు. మేస్త్రి ఈశాన్యం గొయ్యి, ఆగ్నేయం గొయ్యి, వీధి గుమ్మం గొయ్యి అనే పిలుస్తాడు. అవే పేర్లు మన పుస్తకంలోనూ ఉంటే అందరూ ఒకే గోతి గురించి మాట్లాడుకోగలుగుతాం. లోతును కొలవడానికి మాత్రం ఒక కదలని గుర్తు ఎంచుకోవాలి. వీధి రోడ్డును ఆధారంగా తీసుకోకూడదు, సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ దాని మట్టం పెరుగుతుంది. గుడి అధిష్ఠానం (అడుగు పీఠం) అంచు గాని, పక్కా ఇంటి గడప గాని, వంతెన దిమ్మ గాని మేలు. మేస్త్రుల నీటిగొట్టంతో ఆ మట్టాన్ని గోతి దాకా తెచ్చి, ఒక మేకు మీద గుర్తు పెట్టుకుంటే అక్కడి నుంచి లోతులన్నీ కొలవవచ్చు.

యంత్రంతో తీసేటప్పుడు పళ్లు లేని బకెట్ అమర్చమని అడగాలి. పళ్ల బకెట్ గోడను గీరి పొరల అంచులను చెరిపేస్తుంది. ఒక్కసారిగా రెండు అడుగులు లాగకుండా నాలుగు అంగుళాల చొప్పున పలచగా గీస్తూ రావాలి. మనం నిలబడవలసింది యంత్రం నడిపే వ్యక్తికి కనబడే చోట, బకెట్ తిరిగే పరిధికి బయట. రంగు మారినా, బొగ్గు కనబడినా, బకెట్‌కు ఏదో గట్టిగా తగిలిన చప్పుడైనా చెయ్యెత్తి ఆపించి చూడాలి. ‘మేస్త్రిగారూ, ఈ నల్లమట్టి దగ్గర ఒక్క నిమిషం ఆపించండి, ఫొటో తీసుకుంటాను’ అని మర్యాదగా అడిగితే ఆపనివారు అరుదు. తీసిన మట్టిని ఒక్క గుట్టగా పోయించకుండా, పై మట్టి ఒకవైపు, లోపలి మట్టి మరోవైపు వేయించాలి. నల్లగా ఉన్న మట్టిలో నుంచి నాలుగు తట్టలు తీసి, ఇసుక జల్లించే జల్లెడలోనే వేసి చూస్తే, కంటికి ఆనని పూసలు, చేప ముళ్లు, చిన్న నాణేలు దొరుకుతాయి.

పైల్ పునాది (బోరు వేసి కాంక్రీటు నింపే పునాది) అయితే పరిస్థితి వేరు. బోరు గొట్టం వెంట పైకి వచ్చేది ముద్దగా కలిసిన మట్టి, అందులో పొర కనబడదు. అయినా ఎంత లోతు నుంచి వచ్చిన ముద్దలో ఇటుక పొడి, బొగ్గు, పెంకు ఉన్నాయో రాసుకుంటే కింద పాత ఆవాసం ఉందో లేదో తెలుస్తుంది. పైల్ వల్ల నాశనమయ్యేది తక్కువ, తెలిసేది కూడా తక్కువ.

మెరక మట్టా, పాటి మన్నా

గోదావరి డెల్టాలో ఈ పని చేసేవారికి అసలైన పరీక్ష ఇక్కడే ఉంది. మన ఊళ్లలో వరద భయంతో ఇళ్ల స్థలాలను తరతరాలుగా మెరక చేస్తూ వచ్చారు. చెరువు తవ్విన మట్టి, లంక నుంచి పడవల మీద తెచ్చిన మట్టి, ఎక్కడో ఒక పాత దిబ్బను కొట్టి బండ్ల మీద తోలిన మట్టి, అన్నీ ఒకే పెరట్లో ఒకదాని మీద ఒకటి ఉండవచ్చు. అందువల్ల ఈ గోతిలో శాతవాహనుల నాటి పెంకు దొరికితే ఈ చోట శాతవాహనుల కాలంలో జనం ఉన్నారని వెంటనే అనుకోకూడదు. ఆ పెంకు బండి ఎక్కి వచ్చి ఉండవచ్చు. వస్తువు పాతదా కాదా అన్న ప్రశ్న కన్నా, అది పడిన చోటనే ఉందా, మట్టితో పాటు తరలి వచ్చిందా అన్న ప్రశ్న వెయ్యి రెట్లు విలువైనది. దానికి జవాబు గోతి గోడ మాత్రమే చెప్పగలదు. వస్తువును ఇంటికి తీసుకుపోయాక దాన్ని ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

గోడను తాపీ అంచుతో పైనుంచి కిందికి పలచగా చెక్కి, ఎండిపోయి ఉంటే నీళ్లు తుంపరగా చల్లి చూడాలి. మెరక మట్టిలో పెంకులు నిలువుగా, ఏటవాలుగా, ఎలా పడితే అలా ఉంటాయి. వాటి అంచులు అరిగి గుండ్రబడి ఉంటాయి. అంగుళం పెంకు పక్కనే సీసా పెంకు, ప్లాస్టిక్ ముక్క కనబడవచ్చు. చెరువు మట్టితో చేసిన మెరకలో నత్తగుల్లలు, బూడిద రంగు బంకమట్టి గడ్డలు ఉంటాయి. పాటి మన్ను, అంటే జనం కాపురం ఉండి వదిలిన మట్టి, అలా ఉండదు. అందులో పెంకులు బల్లపరుపుగా, ఒకే మట్టంలో పరచుకుని, అంచులు పదునుగా ఉంటాయి. ఒకే కుండ ముక్కలు పక్కపక్కనే దొరుకుతాయి. బూడిద, బొగ్గు పలచని చారలుగా సాగుతాయి. దిమ్మెస కొట్టిన నేల గట్టిగా, వేరే రంగులో ఒక గీతలా కనబడుతుంది. మనిషి వాడిన ఆనవాలేదీ లేకుండా సన్నని ఇసుక, ఒండ్రు రేకులు రేకులుగా పడి ఉంటే అది వరద తెచ్చి వేసినది. రెండు ఆవాసపు పొరల నడుమ అటువంటి ఒండ్రు పొర కనబడితే దాన్ని ఎంతో విలువైనదిగా భావించాలి. ఊరు ఒకసారి మునిగి, మళ్లీ లేచిందని చెప్పే సాక్ష్యం అంతకన్నా స్పష్టంగా దొరకదు.

గోడలో నిలువునా దిగిన ఆకారాలను కూడా చూడాలి. చుట్టూ ఉన్న మట్టికి భిన్నమైన రంగులో గుండ్రంగా దిగినది గుంజ పాతిన గొయ్యి కావచ్చు. వెడల్పైన చదరపు గాడి నిండా ఇటుక ముక్కలు, సున్నం పొడి ఉంటే, అక్కడి పాత గోడను ఎవరో ఇటుకల కోసం తవ్వుకుపోయారని అర్థం. కాల్చిన మట్టి ఒరలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటే అది ఒరల నుయ్యి. దాని లోపలి మట్టిని కెలకకుండా వదిలేయాలి. ఇటుక కొలతలు తప్పకుండా మూడూ రాసుకోవాలి: పొడవు, వెడల్పు, మందం. శాతవాహన, ఇక్ష్వాకు కాలాల ఇటుక దాదాపు మూరెడు పొడవు, జానెడుకు పైగా వెడల్పు ఉండి ఈనాటి తొమ్మిదంగుళాల ఇటుక పక్కన రాక్షసిలా కనబడుతుంది; డచ్చివారు, ఇంగ్లీషువారు వర్తకం చేసిన పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో 17, 18 శతాబ్దాల సున్నపు కట్టడాల్లో పలచని ఇటుకలు తగలవచ్చు.

పుస్తకంలో రాసే వివరం ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తున్నాను. ‘ఆగ్నేయం గొయ్యి, తూర్పు గోడ. మేకు గుర్తు నుంచి 1 అడుగు 2 అంగుళాల వరకు సిమెంటు ముక్కలు, బెంగుళూరు పెంకు ముక్కలు కలిసిన మట్టి. అక్కడి నుంచి 3 అడుగుల 4 అంగుళాల వరకు బూడిద రంగు బంకమట్టి, నత్తగుల్లలు, పెంకులు ఏటవాలుగా. చెరువు మట్టితో చేసిన మెరక అనుకుంటున్నాను. దాని కింద 5 అంగుళాల మందాన నల్లటి మట్టి, బొగ్గు, బల్లపరుపుగా పెంకులు. ఊట మొదలైంది, అంతకు మించి కనబడలేదు.’ చూసినదాన్ని వేరుగా, అనుకున్నదాన్ని వేరుగా రాయడం ఇందులో గమనించాలి. ‘పురాతన పొర’, ‘చాళుక్యుల మట్టి’ వంటి మాటలు రాస్తే తరువాత చదివేవారికి ఏమీ మిగలదు.

వస్తువు బయటపడినప్పుడు

చేయి వేయడానికి ముందు ఫొటో తీయాలి. రంగుల కర్రను పక్కన పెట్టి, ఉత్తర దిక్కు గుర్తుతో, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. తరువాత కదలని రెండు గుర్తుల నుంచి, ఉదాహరణకు ప్రహరీ మూల నుంచి, కరెంటు స్తంభం నుంచి, దూరాలు కొలిచి, లోతు రాయాలి. ఇంత చేశాకే తీయవలసినది తీయాలి.

నాణెం గాని, రాగి వస్తువు గాని దొరికితే చింతపండుతో తోమడం మన ఇళ్లలో అందరికీ తోచే మొదటి పని. అది పూర్తిగా మానుకోవాలి. పచ్చటి చిలుము కింద ఉన్న అక్షరాలు, బొమ్మలు ఆ పులుపుతో శాశ్వతంగా పోతాయి. మట్టితో సహా కవరులో పెట్టి చీటీ రాయడమే చేయవలసినది. తూర్పు చాళుక్యుల రాగిరేకులు ఉంగరంలా ఉన్న వలయానికి గుచ్చి, దాని ముడి మీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు గల ముద్రతో ఉంటాయి. అలాంటిది దొరికితే వలయాన్ని కోయకూడదు, రేకులను విడదీయకూడదు, వంగినవాటిని తిన్నగా చేయకూడదు. ఆ ముద్ర, ఆ వరుస కూడా శాసనంలో భాగమే.

శాసనం ఉన్న రాతికి పసుపు రాయడం, నూనె పూయడం, అక్షరాల్లో సుద్దపొడి నింపడం మానాలి. ఉదయం గాని సాయంత్రం గాని ఏటవాలు ఎండలో, లేదా రాత్రి పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనబడతాయి. కాగితంపై అచ్చు తీసే పనిని శాసన విభాగం వారికి వదలాలి.

ఊట మట్టం కింద ఉన్న చెక్క డెల్టాలో వందల ఏళ్లు నిలుస్తుంది. పడవ పలక, తెప్ప దుంగ, నూతి అడుగున వేసిన చట్రం ఏదైనా కావచ్చు. దాన్ని ఎండలో పెడితే సాయంత్రానికి పగిలి చీలికలవుతుంది. తడి గోనెసంచి చుట్టి, పైన పాలిథిన్ కప్పి, తడి ఆరకుండా చూస్తూ శాఖకు కబురు చేయాలి. బొగ్గు ముక్కలను చేత్తో తాకకుండా తాపీ కొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టాలి. మనిషి ఎముకలు కనబడితే పని పూర్తిగా ఆపి పోలీసులకూ తహసీల్దారుకూ తెలియజేయాలి. అవి పాతవో కాదో మనం తీర్పు చెప్పకూడదు.

దేవతా విగ్రహం బయటపడితే క్షణాల్లో జనం చేరతారు, కొబ్బరికాయలు కొడతారు, పాలాభిషేకం మొదలవుతుంది. ఆ భక్తిని తక్కువ చేసి మాట్లాడకుండా, ముందు విగ్రహం ఏ వైపు తిరిగి, ఎంత లోతున, ఏ మట్టిలో ఉందో రాసుకునే వ్యవధి మాత్రం అడగాలి. ఊరి పెద్దలతో ఒక మాట చెప్పిస్తే ఆ వ్యవధి దొరుకుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది లంకెబిందెల పుకారు. అది పుట్టిందంటే రాత్రికి రాత్రే ఎవరో గోతిని కెలుకుతారు. అందుకే దొరికినవాటి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు, సాయంత్రం పని ఆగాక గోతిని తడకలతో మూయించాలి, ఏదైనా విలువైనది కనబడిన రోజున కాపలా పెట్టించాలి.

చట్టరీత్యా కూడా ఆలస్యం చేయకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి బయటపడిన, పది రూపాయలకు మించిన విలువ గల దేనినైనా కనుగొన్నవారు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి: అది ఏమిటి, ఎంత, ఎక్కడ, ఏ రోజు దొరికింది. చెప్పకుండా దాచినవారికి శిక్ష ఉంది. కనుగొన్నవారి, స్థల యజమాని హక్కుల గురించి కూడా ఆ చట్టమే చెబుతుంది. ఈ రెండో సంగతి తెలిస్తే యజమానులు దాచవలసిన అవసరం తమకు లేదని గ్రహిస్తారు. తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చిన ఉత్తరం నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ఉత్తరాన్నే రాష్ట్ర పురావస్తు శాఖకు, రక్షిత ప్రాంతమైతే భారత పురావస్తు సర్వేక్షణకు పంపాలి. పునాదిని కొంచెం మార్చి కింది కట్టడాన్ని అలాగే కాపాడే వీలుంటే, అంటే సెప్టిక్ ట్యాంకును రెండు గజాలు జరపడమో, లోతు తగ్గించి పీఠం ఎత్తు పెంచడమో కుదిరితే, ఆ సలహా ఇంజనీరుతో కలిసి యజమానికి అప్పుడే చెప్పాలి. కాంక్రీటు లారీ వచ్చి నిలబడ్డాక చెబితే ఎవరూ వినలేరు.

నివేదిక

పని ముగిసిన వారంలోగా రెండు మూడు పేజీల నివేదిక రాయాలి. స్థలపు గీతచిత్రం, ప్రతి గోతి కొలతలు, గోడల పొరల బొమ్మలు, ఫొటోల జాబితా, వస్తువుల జాబితా, అవి ఇప్పుడు ఎవరి వద్ద ఉన్నాయన్న వివరం అందులో ఉండాలి. ఏమీ దొరకని గోతికి కూడా నివేదిక రాయడం చాలామంది మరచిపోయే పని. ఆరు అడుగుల లోతు వరకు ఒండ్రు తప్ప మరేమీ లేదని ఒక స్థలం గురించి రాసి ఉంటే, పాత ఊరు ఆ వైపు అంతవరకు సాగలేదని తేలుతుంది. అటువంటి ఇరవై ముప్పై గోతుల వివరాలను గ్రామ పటం మీద గుర్తిస్తే పాత ఊరి హద్దు దానంతట అదే కనబడుతుంది. ఒక ప్రతి యజమానికి, ఒకటి పంచాయతీ కార్యాలయానికి, ఒకటి ఊరి హైస్కూలు గ్రంథాలయానికి, ఒకటి పురావస్తు శాఖకు, గోదావరి జిల్లాల వారైతే ఒకటి రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియంకు ఇవ్వాలి. ఫోనులోని ఫొటోలను సర్వే నంబరు, తేదీ పేరుతో వేరే డిస్కులో దాచి, నోటు పుస్తకాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దగ్గరే ఉంచుకోవాలి. పక్క స్థలంలో పునాది తీసిన రోజున దాన్ని పట్టుకుని వెళ్లి, అదే మేకు మట్టం నుంచి మళ్లీ కొలతలు మొదలుపెట్టాలి.